మేనల్లుని కొలువు

గడచిన మార్గశిరమున మావారితో గూడ సికిందరాబాదునకు పోయితిని. అది యాత్రార్థము కాదు. మా వదినగారు నాపై మోపిన భారము దీర్చుటకు.

మా అన్నగారు త్రాగుడువలన నలువదియేండ్లు నిండకయే గతించిరి. అప్పటికి వారి కుమారునకు పదునాలుగేండ్లు. వదిన రెండెకరముల మిరపచేనును నమ్ముకొని వానిని చదివించినది. వాడు హైదరాబాదున హోటలు విద్య నేర్చి కొలువులో చేరెను. ఏమి కొలువని అడిగిన “హోటలులో” అనుటయే గాని వేరుమాట లేదు. వాడు మద్యము కలుపుచుండగా చూచితిమని ఊరివారెవరో చెప్పిరి. “నీవు చదువుకొన్నదానవు. కన్నులార చూచివచ్చి నాకు నిజము చెప్పు” మని వదిన నా చేతులు పట్టుకొనెను.

పెదకూరపాడున రైలెక్కి, నడికుడి, మిర్యాలగూడల మీదుగా సాయంకాలమునకు చేరితిమి. 1806 లో మూడవ నిజాము సికందర్ జా పేర వెలసిన పట్టణమది. 1897 నాటి గడియార స్తంభమునకు అనతిదూరమున, పాతబంగళా యొకదాని వెనుకగదిలో నున్నది ఆ పానశాల. పదుగురు మాత్రమే కూర్చుండదగినది. దీపములు మందముగా వెలుగుచుండెను. సోదరీమణులారా, గడప దాటునపుడు నా కాళ్లు వణకిన మాట దాచను. లోపల స్త్రీలును కూర్చుండియుండిరి. మమ్ము వింతగా చూచినవారు లేరు.

మేనల్లుడు మమ్ము చూచి తెల్లబోయెను. పిదప ఒక మూల పీటలు చూపి, “కూర్చుండు మత్తయ్యా” అనెను. వాని పని చూచుచుంటిని. చిన్నగిన్నెతో ముప్పది మిల్లీలీటరులు కొలుచును, నిమ్మరసము పిండును, మంచుగడ్డలు వేసి, మూతగల లోహపాత్రలో కుదిపి వడకట్టును. మందు నూరు వైద్యుని చేతివలె ఆ చేయి తప్పిపోదు.

తీరిక చిక్కినపుడు తన విద్యను గూర్చి చెప్పెను. “కాక్‌టెయిల్” అనగా మద్యము, చక్కెర, నీరు, చేదుమూలికల సారము కలిపినదని అమెరికా పత్రిక యొకటి 1806 లోనే వివరించినదట. అంతకు ముందే ఆంగ్లేయులు మనదేశమున “పంచ్” అనుదానిని త్రాగుచుండిరి. మద్యము, పంచదార, నిమ్మరసము, నీరు, సుగంధద్రవ్యములు అను నైదింటి వలన మన “పంచ” శబ్దమే ఆ పేరైనదని పెక్కుర యభిప్రాయము. 1632 లో పెట్టపోలి, అనగా మన నిజాంపట్టణమందలి వర్తకునకు కుంపిణీవారొకరు వ్రాసిన లేఖలో ఆ మాట యున్నది. మన తీరముననే ఇంత కథ జరిగినదా యని మావారు ఆశ్చర్యపడిరి.

నాకు మాత్రము భారతమందలి శుక్రాచార్యుడు తలపునకు వచ్చెను. కచుని బూడిద కలిసిన మద్యమును తెలియక త్రాగి, ఆ మహానుభావుడు సురాపానమును శపించెను. అంతటి వానికే తెలివి తప్పినపుడు మా అన్న యెంత?

“ఓరీ, నీ తండ్రివంటివాడు వచ్చి ఈ పీటపై కూర్చున్నచో ఏమి చేయుదువు?” అని యడిగితిని.

వాడు పాత్ర తుడుచుచు కొంతసేపు మాటాడలేదు. “నాన్నకు చాలునని చెప్పినవాడొక్కడును లేడత్తయ్యా. నేను చెప్పుదును. గిన్నె తీసివేసి, బండి పిలిపించి ఇంటికి పంపుదును. నేనొక చుక్కయు ముట్టను” అనెను.

అది నిజమే కావచ్చును. కాని రెండవ పాత్ర అమ్ముడుపోనిదే దుకాణము నిలుచునా? 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణము మూయించిరి. ఆ యుద్యమమువలన 1993 లో సారాయి, 1995 లో సర్వమద్యము నిషేధింపబడెను. 1997 లో ఆ సర్వనిషేధము తొలగెను. ఆ తల్లుల కన్నీరెరిగిన నాకు వాని మాట పూర్తిగా ఊరట నీయలేదు. ఆ సంగతియు వానితో చెప్పితిని. వాడు తలవంచుకొని వినెను.

పిదప మాకొరకు బెల్లము, మిరియాలు, ఏలకులు, నిమ్మరసము కలిపి యిచ్చెను. మంగళగిరి పానకమే! చిన్ననాడు కొండమెట్లపై తండ్రి భుజమెక్కి త్రాగిన రుచి మరవలేదనెను. నాకు కన్నులు చెమ్మగిలినవి.

“మీ అమ్మతో నేను అబద్ధమాడను, కాని నాకంటె ముందు నీవే చెప్పుట మేలు” అంటిని. ఆ రాత్రియే వాడు ఫోనులో తల్లికంతయు చెప్పెను.

మేము తిరిగి వచ్చునప్పటికి వదిన వాకిట కూర్చుండియుండెను. చూచినదంతయు, నా సందేహముతో సహా చెప్పితిని. ఆమె కోపింపలేదు, మెచ్చుకొనలేదు. చాలసేపటికి, “రాత్రి ఎన్నిగంటలకు అన్నము తినునట?” అని యడిగెను. “పండ్రెండు దాటునట” అంటిని.

మరునాడు పండుమిరపకాయల పచ్చడి జాడీ కట్టి, మా ఊరినుండి పోవువారిచేత పంపినది. పండుగకు రమ్మనియు, వచ్చిన పిదప ఆ కొలువును గూర్చి తీరికగా మాటాడవలెననియు చీటి వ్రాయించినది. ఆ చీటి వ్రాసినది నేనే.