క్లచ్చుకి కంప్యూటరు లేదు

"గేర్లే లేని బండికి క్లచ్ ఏంటండీ?" అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంటుంది. న్యాయమైన ప్రశ్నే. ఆ ప్రశ్న నేను కూడా కొనకముందే అడిగి ఉంటే ఒక చలికాలం మిగిలేది.

మేముండేది డెన్వర్ దగ్గర. 2023 చివర్లో మినెసోటా నుంచి వచ్చిన ఒక పాత మౌంటెన్ స్నోమొబైల్ కొన్నాను. 800 సీసీ, టూ స్ట్రోక్, కాయితం మీద సుమారు నూట యాభై గుర్రాలు. అమ్మినాయన అబద్ధమేమీ చెప్పలేదు. అక్కడ గడ్డకట్టిన సరస్సుల మీద అది నిజంగానే గుర్రంలా పరిగెత్తి ఉంటుంది. ఇక్కడ రాబిట్ ఇయర్స్ పాస్ దగ్గర, 9,426 అడుగుల ఎత్తులో, అదే బండి శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్న పాత ఎర్రబస్సులా మూలిగింది. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినా ఆర్పీఎం 7600 దాటదు. మాన్యువల్లో 8250 ఉండాలని రాసుంది.

టూ స్ట్రోకుతో ఇదే గొడవ. దాని బలమంతా ఒక సన్నటి ఆర్పీఎం మెట్టు మీద ఉంటుంది. ఆ మెట్టు దిగితే శబ్దం మాత్రం మిగుల్తుంది.

2024 జనవరిలో ఒక వాలు ఎక్కుతుంటే సగంలో ఊపిరాగిపోయింది. ట్రాకు కిందికి తవ్వుకుంటూ పోయి బండి నడుం లోతు మంచులో కూరుకుపోయింది. కింద ఉన్న మిత్రుడు (మా ఆఫీసే, గోదావరి జిల్లా మనిషి, సాయం అంటే ముందుంటాడు) "ఉండరా, వస్తున్నా" అంటూ తన బండి వేసుకుని పక్కకే వచ్చేశాడు. ఇద్దరం గంటసేపు తవ్వి, లాగి, నవ్వుకుంటూ ఫోటోలు కూడా దిగాం.

తర్వాతి నెల అవలాంచ్ క్లాసుకి వెళ్ళాం. ముప్పై డిగ్రీలు దాటిన వాలు మీదికి ఒకసారికి ఒక్కరే వెళ్ళాలట. ఇరుక్కుపోయినవాడి దగ్గరికి రెండోవాడు బండేసుకుని వెళ్ళకూడదట. ఆ బరువుకి మంచుపలక జారితే ఇద్దరూ దాని కిందే ఉంటారు, తవ్వి తీసేవాడు ఉండడు. మావాడు నా వైపు చూశాడు, నేను నేలవైపు చూశాను. ఆ ఫోటోలు ఇంకా ఫోన్లో ఉన్నాయి, తీసి చూడబుద్ధి కాదు.

అప్పుడు పట్టుకుంది బండి బాగుచెయ్యాలని. ఒక షాపులో చూపిస్తే ఇంజన్ విప్పాలన్నారు, నాలుగు వేల డాలర్ల దాకా అవుతుందన్నారు. దాదాపు సరే అనేశాను కూడా. ఆ సాయంత్రం పక్కింటి పెద్దాయనకి చెప్పుకుంటే ఒకే ఒక్క మాట అడిగాడు, క్లచ్‌లో ఎన్ని గ్రాముల వెయిట్లు ఉన్నాయని. నాకేం తెలుసు!

మూత తీసి చూశాక మాత్రం ఎక్కడో చూసిన వస్తువులా అనిపించింది. విజయవాడలో నాన్నగారి కైనెటిక్ హోండా! మెకానిక్ ఖాదర్ గారు ఎడమవైపు మూత విప్పి, అరిగి చదునైపోయిన రోలర్లు అరచేతిలో పోసి చూపించేవారు. సూత్రం అదే. ఇంజన్ షాఫ్టు మీద శంకువుల్లాంటి రెండు పళ్ళేలు, మధ్యలో బెల్టు. ఇంజన్ తిరిగేకొద్దీ లోపలి బరువులు బయటికి విసురుకుని, పళ్ళేల్ని దగ్గరికి నొక్కుతాయి. బెల్టు పైకి పాకుతుంది, గేరు మారినట్టు బండి వేగం పెరుగుతుంది. స్కూటర్లో రోలర్లు, ఇక్కడ మూడు వెయిట్లు, అంతే తేడా. వాటిని వెనక్కి పట్టి ఉంచేది ఒక స్ప్రింగు. వెనకాల రెండో క్లచ్ ఒకటుంది, ట్రాకు మీద భారం పెరిగితే బెల్టుని మళ్ళీ కిందికి దింపడం దాని ఉద్యోగం.

ఇప్పుడు కొండ సంగతి. వెయ్యి అడుగులకి ఇంజన్ బలం సుమారు 3 శాతం తగ్గుతుంది. మినెసోటా నుంచి రాబిట్ ఇయర్స్ కి వచ్చేసరికి నా నూట యాభై గుర్రాల్లో నాలుగోవంతు దారిలోనే దిగిపోయాయి. ఇంజన్లో కంప్యూటరుంది, పల్చటి గాలిని కొలిచి పెట్రోలు తగ్గించుకుంటుంది. క్లచ్చుకి కంప్యూటరు లేదు. దానికి తెలిసింది బరువే. అది ఇంకా మినెసోటాలోనే ఉన్నాననుకుని, అదే జోరుతో బెల్టుని పైకి నొక్కేస్తోంది. ఇంజనేమో మొయ్యలేక కూలబడుతోంది. ఎవరో ఫలానా సర్వర్ కోసం రాసిపెట్టిన కాన్ఫిగ్ ఫైలుని తెచ్చి నాలుగోవంతు తక్కువ మెషీన్ మీద నడిపి, కోడ్ చెడిపోయిందని తిట్టుకున్నట్టన్నమాట. నేను ఆఫీసులో జూనియర్లకి ఇదే విషయం మీద క్లాసు పీకుతుంటాను :)

లోపల ఉన్నవి 68 గ్రాములవి. ఎక్కువైతే ఆర్పీఎం పడిపోతుంది, తక్కువైతే ఇంజన్ ఊరికే అరుస్తుంది, బండి కదలదు. ఒక గ్రాముకి సుమారు వంద ఆర్పీఎం అని పెద్దాయన చెప్పిన లెక్క. మూడూ ఒకే బరువుండాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. నేను మనవాళ్ళ అలవాటు కొద్దీ వెయిట్లూ స్ప్రింగూ కలిపి మార్చేద్దామని చూస్తే ఆయన స్ప్రింగు తీసుకుని జేబులో వేసుకున్నాడు.

గరాజ్‌లో పరీక్షించడం కూడా కుదరదు. కొండ మీద, మెత్తటి మంచులో, బెల్టు వేడెక్కాక, కొన్ని సెకన్లు పూర్తిగా నొక్కి పట్టుకుని అంకె చూడాలి. గట్టి రోడ్డులాంటి మంచు మీద వచ్చిన అంకె నమ్మితే మళ్ళీ మొదటికే. 64 గ్రాములతో 8000 వచ్చింది. మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, గ్లోవ్స్ తీసేసిన వేళ్ళతో 62 బిగించాను. ఒక నట్టు చేజారి బండి కడుపులో పడింది, అది తియ్యడానికి వెయిట్లు మార్చినంత సేపు పట్టింది. 8200. ఇంజన్ ఆపి పుల్లీ మీద చెయ్యి పెట్టి చూశాను, కాలడం లేదు, అంటే బెల్టు జారడం లేదు. మొత్తం ఖర్చు నాలుగు వేలల్లో పదో వంతు కూడా కాలేదు.

మార్చిలో ఆ రోజు అవలాంచ్ సెంటర్ వాళ్ళ బులెటిన్ చూసుకుని, ఆ వాలుకే వెళ్ళాం. మావాడు ఈసారి దూరంగా, చెట్ల వెనక, పక్కకి ఆగాడు. వాడి చెయ్యి మాత్రం యాక్సిలరేటర్ మీదే ఉందని కింద నుంచే తెలుస్తోంది. పైకెళ్ళి తిరిగి వచ్చాను, ఎక్కడా ఆగలేదు. వాడు ఏం మాట్లాడలేదు, థర్మాస్ లోంచి టీ పోసిచ్చాడు.

ఇంటికొచ్చి పెద్దాయనకి చెప్తే మెచ్చుకుంటాడనుకున్నా. "వెనక క్లచ్ సంగతి చూశావా మరి?" అన్నాడు. దాంట్లో హెలిక్స్ అని ఒకటుందట, దాని కోణాలు వేరే లెక్కట. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.