నీరాకూ కల్లుకూ నడుమ

మా ఊళ్ళో సాయిబుల ఇండ్లు పన్నెండు. ఆ పన్నెండిండ్లలో కల్లు రుచి తెలియని ఇల్లు లేదు. ఈ మాట రాస్తే మా పట్నం చుట్టాలు తల దించుకుంటారు. మీలో కొందరు నవ్వుతారు, "సాయిబులు గూడ తాగుతరా?" అని. తల దించుకునేవాళ్ళకూ నవ్వేవాళ్ళకూ ఒక్కసారే చెబుదామని ఈ నాలుగు మాటలు.

ముందు రుచి సంగతి. రుచి తెలియకుండా పాపం గురించి మాట్లాడేవాళ్ళే ఎక్కువయ్యారు.

ఈత కల్లు చలికాలపుది. ఈతకు గెల గీయరు, మొవ్వు కింద మానునే చెక్కి గీస్తారు. ఒక ఏడు ఈ పక్క, మరో ఏడు ఆ పక్క. అందుకే ముసలి ఈతచెట్టు మాను మెట్లు మెట్లుగా వంకర్లు తిరిగి ఉంటుంది. ఆ గాట్లు లెక్కబెట్టి చెట్టు ఎన్నేళ్ళ నుంచి గీతకొస్తున్నదో మా అబ్బా చెప్పేవాడు. ఈత కల్లు పలచన, తీపి, కొంచెం పచ్చి వాసన. ఎండలు ముదిరేసరికి తాడి కల్లు వస్తుంది. పోతుతాడికి పూగెల గీస్తారు, పండుతాడికి కాయగెల గీస్తారు. పోతుతాడిది నాలుకను పట్టుకోదు, గొంతులోంచి జారిపోతుంది. పండుతాడిది చిక్కన. తాగినంక కూడా నోట్లో కాసేపు కూర్చుంటుంది. మాకు పోతుతాడే ఇష్టం. మా పెద్దబ్బా మాత్రం పండుతాడి తప్ప మిగతావి పిల్లల తాగుడు అనేవాడు.

చెట్టు ఒక్కటే అయినా పొద్దుకో రుచి. చీకటితో దించిన లొట్టిలో తీపి తప్ప మరేమీ ఉండదు. పొద్దెక్కేకొద్దీ నురగ లేస్తుంది, తీపి వెనక పులుపు నిలబడుతుంది. మాపటికి పులుపు ముందుకొచ్చి తీపి దాక్కుంటుంది. మర్నాటికి అది కల్లు కాదు, సిర్కా. దానికెవరూ మందు కలపరు. పాత లొట్టిలో అంటుకుని ఉన్న పులుపు, గాలిలోని పులుపు కలిసి చెట్టు చక్కెరను మత్తుగా మారుస్తాయి. నూటికి నాలుగైదు పాళ్ళు, అంతకు మించి పెద్దగా కాదు. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ పులుపు లేవదు. అట్లా నిలిచిన రసమే నీరా.

తాగడానికి తాటాకు రేక. రేకను రెండు చేతులా పట్టుకుని కూర్చుంటే గౌడ మామ పైనుంచి పోసేవాడు. తేలే ఈగల్నీ చీమల్నీ ఊది పక్కకు నెట్టి తాగడమే. ఆ రేక గురించి చాలా మంది చాలా అందంగా రాశారు, కుల మతాలు లేని కల్లు మండువా అని. మేం ఒప్పుకోం. రేక ఎవరిది వాళ్ళదే. తాగి పారేస్తారు. పోసేవాడి కుండ ఎవరి పెదవికీ తగలదు. ఎడం ఉన్నా కనబడదంతే. మండువాకు గాజు గ్లాసులు వచ్చిన నాడు కనబడింది. మా గ్లాసు, మాదిగల గ్లాసు చూరులో చెక్కి ఉండేవి. గ్లాసు వద్దని రేకే అడిగి తెచ్చుకున్నాం చాలా ఏళ్ళు.

మా దాదీ నాటుకు పోయేది. నడుము పట్టేసి ఇంటికొచ్చి వాకిట్లో కూర్చుని ఒక రేక ఈత కల్లు తాగి, కాళ్ళు చాపుకుని, అప్పుడు మాట్లాడేది. అప్పటిదాకా ఎవరు పలకరించినా ఉలకదు. అదే దాదీ రంజాన్ నెల మొత్తం కల్లు ముట్టేది కాదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. గౌడ మామకూ ఎవరూ చెప్పలేదు. నెలవంక కనబడ్డ మర్నాటి నుంచి మా ఇంటి ముందు లొట్టి దించేవాడు కాదు. చలికాలంలో రంజాన్ వచ్చిన ఏళ్ళలో, 1998, 1999 ప్రాంతంలో, సున్నం పూసిన కొత్త లొట్టి పొద్దు వాలంగ కట్టి, ఇఫ్తార్‌కు ముందే దించి పంపేవాడు. "అత్తా, గిది కల్లు గాదు, నీరా. నీ రోజాకేం గాదు" అని గుమ్మం బయట నుంచే అరిచేవాడు. ఖర్జూరంతో రోజా విడిచి, దాని మీద ఈత నీరా తాగేవాళ్ళం. ఖర్జూరానికి ఈత చెల్లెలే కదా!

దీన్ ఏమంటుందో మాకు తెలియక కాదు. ఖురాన్‌లో మత్తు సంగతి ఒక్కసారే రాలేదు. మొదట అందులో కొంత లాభం ఉన్నా పాపమే పెద్దదన్నారు, తర్వాత మత్తులో నమాజు దగ్గరికి రావద్దన్నారు, చివరకు పూర్తిగా దూరంగా ఉండమన్నారు. ప్రవక్త కాలంలో ఖర్జూరాలు నానబెట్టిన నబీజ్ తాగేవారు. మూడు దినాలు గడిస్తే పారబోసేవారు. హద్దు గీసింది వస్తువు మీద కాదు, గడియల మీద. కూఫాలో ఇమామ్ అబూ హనీఫా (మరణం 767) ద్రాక్ష సారాయిని ఒక తీరుగా, మిగతా పానీయాలను మరో తీరుగా చూశారు. ఆయన శిష్యుడు ఇమామ్ ముహమ్మద్ మాత్రం మత్తెక్కించేది ఏదైనా చుక్కయినా హరామే అన్నారు. తర్వాతి హనఫీలు నిలబడింది శిష్యుడి మాట మీదే. మేమూ హనఫీలమే. మేమిక్కడ ఫత్వా చెప్పడం లేదు. మా దాదీ నెల రోజులు మానడంలోనూ, మిగతా పదకొండు నెలలు తాగడంలోనూ ఏదో ఒక లెక్క ఉందనీ, ఆ లెక్క ఆమెకూ అల్లాకూ మధ్యదనీ మాత్రం అంటున్నాం.

పట్నంలో మా చుట్టాలు కల్లు అనరు, సేంధీ అంటారు. నిజాం రాజ్యంలో సర్కారు కాగితాల్లోనూ అదే మాట. ఆబ్కారీ అనే మాటా ఫార్సీదే. కల్లు మీద పన్నుతో ఖజానా నింపుకున్నది ముసల్మాను రాజ్యం, ఆ కల్లు తాగిన మేం మాత్రం నామోషీ అయ్యాం! మా చెల్లె సంబంధం మాట్లాడటానికి పట్నం నుంచి వచ్చినవాళ్ళు పిల్లను చూశారు, ఇల్లు చూశారు, భోంచేశారు. పోయేటప్పుడు పెద్దాయన మా చాచాను పక్కకు పిలిచి అడిగాడు: "ఆప్ కే యహాఁ సబ్ సేంధీ పీతే క్యా?" చాచా అబద్ధమాడలేదు. సంబంధం అక్కడే ఆగిపోయింది. కట్నం అడిగినవాళ్ళకు కట్నం హరామని గుర్తుకు రాలేదు.

ఇది ఒక పక్క. రెండో పక్క ఊళ్ళోనే ఉంది.

పీరీల పండుగకు అలావా చుట్టూ ఎగిరేవాళ్ళలో మాకంటే గౌండ్లు, మాదిగలు, గొల్లలే ఎక్కువ. సర్దార్ సర్వాయి పాపన్న కల్లుగీత కులస్తుడు. మొగలు సర్కారు మీద తిరగబడ్డ ఆయన వెంట దూదేకుల పీరు, తురక హిమాం నడిచారని కథ చెప్పేవాళ్ళు చెబుతారు. అట్లాంటి నేల మీద 1992 డిసెంబరు తర్వాత మండువాలో మాట మారింది. మా చిన్నాయన కొడుకు జమాత్‌లో తిరిగి వచ్చి కల్లు మానేశాడు. వాడు మానేసింది కల్లే, మండువాను కాదు. రోజూ వచ్చి కూర్చునేవాడు. అయినా "ఏంది సాయిబూ, మా కల్లు గూడ చేదైందా?" అన్నారు. తాగినన్నాళ్ళు వాడు "మనోడు". మానేసిన నాటి నుంచి "వాళ్ళోడు". వాడి గడ్డం పెరగడం కంటే వాడి రేక ఖాళీగా ఉండటమే ఊరికి ఎక్కువ కనబడింది. అదే సాలు అయ్యప్ప మాల వేసి నలభై దినాలు మందు మానేసినవాళ్ళను మాత్రం చూసి దండం పెట్టారు.

తాగితే పట్నం ముసల్మాన్లకు మేం సగం ముసల్మాన్లం. మానితే ఊరికి సగం ఊరివాళ్ళం.

గత పదేళ్ళలో హైదరాబాదులో బీరు అక్కడికక్కడే కాచి పోసే మైక్రోబ్రూవరీలు వెలిశాయి. మా అన్నదమ్ముల్లో ముగ్గురం పట్నంలో ఉద్యోగాలు చేస్తున్నాం. తోటి ఉద్యోగులు పట్టుబట్టి ఒక దానికి తీసుకెళ్ళారు. చెక్కపళ్ళెంలో నాలుగు చిన్న గ్లాసులు, నాలుగు రంగులు. తాగే ముందు తిప్పాలట, వాసన చూడాలట, ఏం తోచిందో చెప్పాలట. ఇద్దరం తాగాం, ఒకడు నిమ్మసోడా తెప్పించుకున్నాడు.

నిజం చెప్పాలంటే గోధుమ బీరు బాగుంది. మబ్బుగా ఉంది, అరటిపండు వాసన, వెనక కాస్త లవంగం. అరటిపండు వేయలేదు, అది ఈస్టు చేసే పని అని పోసే కుర్రాడు చెప్పాడు. మాకు వింత కాలేదు. పదిగంటల పొద్దప్పటి ఈత కల్లుకు అది దూరపు చుట్టం. నల్లది మాడిన బార్లీతో చేసింది, కాఫీ చేదు, రెండో గుక్కకు అలవాటైంది. హాప్స్ ఎక్కువ వేసినది మాత్రం వేపపుల్ల నమిలినట్టుంది. దాన్ని మెచ్చుకోవడం నాలుకకు సంబంధించిన సంగతి కాదేమో. ఇవన్నీ మేం చెబుతుంటే తోటివాళ్ళు ముచ్చటపడ్డారు, "మీకు టేస్ట్ ఉంది" అన్నారు. మా దాదీ రేక వాసన చూసి ఇది ఏ చెట్టుదో, ఎన్ని గంటలకు దించిందో చెప్పేది. దాన్ని ఎవరూ టేస్ట్ అనలేదు. కూలి ముసల్ది తాగుతుంది అన్నారు.

కాసేపటికి ఒకాయన మా భుజం మీద చెయ్యేసి, "మీరు మిగతా ముస్లింల లాంటివాళ్ళు కాదండీ" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నిమ్మసోడా తాగుతున్నవాడిని మాత్రం మూడుసార్లు అడిగారు, ఏం, మీ మతం ఒప్పుకోదా అని. "నాకు కడుపు బాగా లేదు" అన్నాడు వాడు. వాడి కడుపు బాగానే ఉంది.

ఇప్పుడు ఊళ్ళో ఈత వనం సగం ప్లాట్లయింది. గౌడ మామ కొడుకు చెట్టెక్కడు, ఆటో నడుపుతాడు. పట్నంలో కల్లు పేరు చెబితే జనం భయపడుతున్నారు. 2025 జూలైలో కల్తీ కల్లు తాగి హైదరాబాదులో కొందరు చనిపోయారు కూడా. చెట్టే లేని చోట అన్ని సీసాలు ఎక్కడి నుంచి వస్తాయో అడగనక్కర్లేదు, మందుపొడి సంగతి అందరికీ తెలుసు. కల్లు మానేసిన మా చిన్నాయన కొడుకు కిందటేడు పట్నం వస్తే నెక్లెస్ రోడ్డు మీద 2023లో తెరిచిన నీరా కేఫ్‌కు తీసుకెళ్ళాం. చల్లగా, గ్లాసులో పోసిచ్చారు. నీరా హలాలే కాబట్టి వాడికి ఇబ్బంది లేదు. బిస్మిల్లా అనుకుని ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని నోట్లోనే కాసేపు ఉంచుకున్నాడు. ముప్పై ఏళ్ళయింది వాడి నాలుకకు ఆ చెట్లు తగిలి.

"తాడిది," అన్నాడు. "పోతుతాడి."