సోయా అమ్మినంక

"ఈసారి ఎవరైనా నవ్వించేది రాయండి ప్లీజ్, అన్నీ ప్రేమ కవితలే వస్తున్నాయి" అని మన క్లబ్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టారు. అందుకే ధైర్యం చేస్తున్నా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో చివరిసారి ఇంత పొడుగ్గా రాసింది పదో తరగతి పరీక్షలో. 'ల' దగ్గర 'ళ' పడితే కావాలని చేసింది కాదు, క్షమించండి.

నవ్వించే విషయం అనగానే ఒక్కటే గుర్తొచ్చింది. మొన్న సెప్టెంబర్ చివర్లో మన బ్రాంచ్ నుంచి ముగ్గురం ఒక బిజినెస్ స్కూల్ ఫెస్ట్‌కి వెళ్ళి, మూడు రోజులు ఉండి, ఓడిపోయి వచ్చాం. మేనేజ్‌మెంట్ చదువంటే అందరూ ముందు చెప్పేది 1961లో మొదలైన కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలు. మన వైపు గచ్చిబౌలి ఐఎస్‌బీ 2001లో మొదలైంది, ఆ డిసెంబర్‌లో ప్రధాని వాజ్‌పేయి వచ్చి ప్రారంభించారు. విశాఖ ఐఐఎం 2015లో వచ్చింది. మేం వెళ్ళింది వీటిలో దేనికీ కాదు. హైదరాబాద్ దగ్గరే ఇంకొకటి. పేరు మాత్రం రాయను. మూడు రోజులు వాళ్ళ ఉప్పు తిని, పేరు పెట్టి నవ్వితే బాగుండదు.

మా పెద్దమ్మ కూతురు అక్కడ ఎంబీఏ రెండో సంవత్సరం. నేను అక్క రూమ్‌లోనే పడుకున్నా కాబట్టి ఫెస్ట్ కంటే వాళ్ళ బతుకే ఎక్కువ చూశాను.

మొదటి వింత. మన దగ్గర క్లాస్‌లో మాట్లాడితే బయటికి పంపుతారు. అక్కడ మాట్లాడకపోతే మార్కులు పోతాయి. దానికి 'క్లాస్ పార్టిసిపేషన్' అని పేరు. సార్ ప్రశ్న సగంలో ఉండగానే పది చేతులు లేస్తాయి. "నా మిత్రుడు చెప్పిన పాయింట్‌కి ఒక పాయింట్ కలుపుతాను" అని లేచి, ఆ మిత్రుడు చెప్పిందే మళ్ళీ చెప్తారు. ప్రతి ఒక్కరి ముందు పేరు రాసిన అట్టముక్క ఉంటుంది. నిద్రపోతే సార్‌కి పేరు వెతుక్కునే పని కూడా లేదు. మన లాస్ట్ బెంచ్ వాళ్ళు అక్కడ వారం బతకరు.

రెండో వింత విజిటింగ్ కార్డులు. ఇంకా ఉద్యోగం రాలేదు, కార్డ్ మాత్రం వచ్చేసింది. మెస్ కమిటీలో ఉన్న అబ్బాయి కార్డ్ మీద 'హెడ్, ఫుడ్ ఆపరేషన్స్' అని ఉంది. ఆ రోజు సాంబార్‌లో ఉప్పు లేదు. ఆ మాట చెప్తే "ఫీడ్‌బ్యాక్‌కి థాంక్స్" అన్నాడు.

మూడోది నాలుగు గడులు. ఏ సమస్య అయినా సరే, అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి నాలుగు గడులు చేస్తారు. అక్క రూమ్మేట్ మెస్ కూరల్ని అట్లా నాలుగు గడుల్లో పెట్టి గోడకి అంటించింది. 'రుచి ఎక్కువ, రిస్క్ తక్కువ' అనే గడి ఖాళీగా ఉంది.

అన్నింటికంటే నవ్వొచ్చింది ఇంకొకటి. నేను సీఎస్ఈ అని తెలిసిన ప్రతి ఒక్కరూ పక్కకి పిలిచి, "నా దగ్గర ఒక ఐడియా ఉంది, నువ్వు యాప్ చేసి పెట్టు చాలు, రెండు శాతం వాటా ఇస్తా" అన్నారు. ఇంటికొచ్చేసరికి నాకు నాలుగు కంపెనీల్లో కలిపి ఎనిమిది శాతం వాటా ఉంది. ఒక్క కంపెనీ కూడా ఇంకా పుట్టలేదు. ఐడియా ఇచ్చిన నలుగురూ బీటెక్ చేసినవాళ్ళే. కోడింగ్ మర్చిపోవడానికి అంత ఫీజు కట్టారన్నమాట.

ఇక మా ఐడియా గురించి చెప్పాలంటే ముందు మా ఊరి గురించి చెప్పాలి. మాది జుక్కల్. కామారెడ్డి జిల్లాలో ఒక చివర. అటు పోతే మహారాష్ట్ర, ఇటు పోతే కర్ణాటక. అమ్మకి చిన్న కిరాణా దుకాణం ఉంది. పావు గంట కూర్చుంటే తెలుగు, మరాఠీ, కన్నడ మూడూ వినిపిస్తాయి. అప్పు పెట్టే మాట మాత్రం మూడింటిలో చుట్టాల్లాగే ఉంటుంది: మనది ఉద్దెర, మరాఠీలో ఉధారీ, కన్నడలో ఉద్రి. అమ్మ దగ్గర పొడుగాటి నోట్‌బుక్ ఒకటుంటుంది. ఎవరు ఏం తీసుకున్నారో అన్నీ అందులోనే.

ఆ నోట్‌బుక్‌ని యాప్ చేద్దామనుకున్నాం. పేరు 'ఉద్దెర ప్రో'. పేరు, బాకీ, కట్టాల్సిన తేదీ. తేదీ దాటితే ఆ వరస ఎర్రగా మారుతుంది, బాకీ ఉన్నవాళ్ళకి దానంతట అదే మెసేజ్ పోతుంది. మూడో మెసేజ్‌కి కొంచెం ఘాటు కూడా పెంచాం.

జూన్ సెలవుల్లో అమ్మ ఫోన్‌లో వేసి టెస్ట్ చేశాను. విత్తనాలు వేసే టైమ్. ఒక తాత వచ్చి బియ్యం, నూనె, పప్పు తీసుకున్నాడు.

"అమ్మా, ఎప్పుడిస్తడు?"

"సోయా అమ్మినంక."

"తేదీ చెప్పు."

"సోయా అమ్మినంక అంటున్న కదనే."

అది డేట్ ఫీల్డ్. 'సోయా అమ్మినంక' అని కొడితే ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ వస్తే ప్రోగ్రామర్ ఏం చేస్తాడు? అప్పటికి పని జరిగేలా ఏదో ఒకటి పెడతాడు. జులై 31 అని పెట్టాను. తర్వాత కాలేజీకి వచ్చేశాను. ఆ సంగతే మర్చిపోయాను.

ఫెస్ట్ మొదటి రోజు అక్క నన్ను తన క్లాస్‌కి తీసుకెళ్ళింది. కేస్ చదివి చర్చించే క్లాస్. కేస్ అంటే నిజంగా ఒక కంపెనీకి వచ్చిన చిక్కు ప్రశ్నని కథలాగా రాసి ఇస్తారు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో వందేళ్ళ కిందట అలవాటైన పద్ధతి. ముంబై డబ్బావాలాల మీద కూడా అక్కడ కేస్ రాశారట. ఆ రోజు టాపిక్ పల్లె మార్కెట్. సి.కె. ప్రహ్లాద్ 2004లో పేదవాళ్ళని కూడా కొనుగోలుదారులుగా చూడాలని పుస్తకం రాశాడని చెప్పారు. హిందుస్థాన్ లీవర్ వాళ్ళు పల్లెటూరి ఆడవాళ్ళ చేత సబ్బులు, షాంపూలు అమ్మించే 'శక్తి' పథకాన్ని ముందుగా మన నల్గొండ జిల్లాలోనే మొదలుపెట్టారని చెప్పారు. నాకు తెలియదు, సంతోషమనిపించింది.

తర్వాత సార్ అడిగారు: "పల్లెల్లో షాంపూ సీసా కాకుండా చిన్న ప్యాకెట్ ఎందుకు కొంటారు?"

చేతులు లేచాయి. రోజు కూలీ కాబట్టి, ఒకేసారి అంత డబ్బు ఉండదు కాబట్టి, ముందు వాడి చూద్దామని. అన్నీ నిజమే. నాకు ఇంకొకటి కూడా తెలుసు. సీసా కొంటే ఇంట్లో పిల్లలు మూడు రోజుల్లో ఖాళీ చేస్తారు, అందుకని ఆడవాళ్ళు తలస్నానం రోజు మనిషికొక ప్యాకెట్ లెక్కన కొంటారు. ఆ లెక్క మా దుకాణంలో చిన్నప్పటి నుంచి విన్నదే. చెయ్యి ఎత్తుదామనుకున్నాను. ఎత్తితే "నీకెలా తెలుసు" అంటారు. "మా అమ్మది కిరాణా దుకాణం" అనాలి. ఆ ఏసీ హాల్‌లో ఆ మాట ఎందుకో గొంతు దాటి రాలేదు. నాకు మార్కులు లేవు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

రెండో రోజు మా ప్రెజెంటేషన్. నేను అక్క బ్లేజర్ వేసుకున్నాను, చేతులు రెండంగుళాలు పొడుగు. రెండో స్లైడ్‌లో మా దుకాణం ఫోటో. నోట్‌బుక్ మీద రాస్తున్న అమ్మ చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. ఆ ఫోటో చూపిస్తూ నేను మంచి ఇంగ్లిష్‌లో చెప్పాను: వీళ్ళు తేదీలు రాసుకోరు, వీళ్ళకి ఆర్థిక క్రమశిక్షణ తక్కువ, మా యాప్ వీళ్ళకి అది నేర్పిస్తుంది.

'వీళ్ళు' అన్నాను. మా అమ్మని.

జడ్జిల్లో ఒక మేడమ్ అడిగారు, "ఈ షాప్ ఆవిడతో మాట్లాడారా?"

"యస్ మేడమ్, యూజర్ ఇంటర్వ్యూ చేశాం" అన్నాను. నా టీమ్‌మేట్స్ ఇద్దరూ నా మొహం చూశారు. వాళ్ళకి అది మా అమ్మ అని తెలుసు.

"అయితే చెప్పండి, ఇన్నేళ్ళ ఉద్దెరలో ఆవిడ ఎంత పోగొట్టుకుంది?"

నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. యాప్ పోగొట్టుకున్న డబ్బు కోసమే కట్టాం, ఎంత పోయిందో మాత్రం అడగలేదు. మేడమ్ కోప్పడలేదు. "అది తెలియకపోతే మీరు లేని జబ్బుకి మందు అమ్ముతున్నారేమో" అని నవ్వి థాంక్స్ చెప్పారు. ఓడిపోయాం. సర్టిఫికెట్, వాటర్ బాటిల్ ఇచ్చారు. బాటిల్ బాగుంది.

రాత్రి అక్క మ్యాగీ చేసింది. ప్లేస్‌మెంట్లు దగ్గరికొస్తున్నాయని హాస్టల్ అంతా మేలుకొనే ఉంది. పక్క రూమ్‌లో ఎవరో అద్దం ముందు నిలబడి "నా బలహీనత ఏంటంటే నేను మరీ కష్టపడతాను" అని ప్రాక్టీస్ చేస్తున్నారు. అక్క కూడా భయంగానే ఉంది. ఇరవై లక్షలకి పైన ఎడ్యుకేషన్ లోన్.

"ఎప్పటి నుంచి కట్టాలక్కా?"

"ఇప్పుడేం లేదు. కోర్స్ అయినంక, జాబ్ వచ్చినంక. అంతవరకు మారటోరియం."

మ్యాగీ నోట్లో ఉండగానే ఆగిపోయాను. ఏంటి మారటోరియం అంటే? పంట చేతికి వచ్చేదాకా అడగకపోవడమే కదా. బ్యాంక్ చేస్తే దానికి ఇంత పెద్ద పేరు. అమ్మ చేస్తే క్రమశిక్షణ తక్కువ. ఆ బిల్డింగ్‌లో సగం మందికి పైగా అక్కలాగే లోన్ మీద చదువుతున్నారు. రిస్క్ గురించి అంత బాగా మాట్లాడేవాళ్ళు కూడా ఉద్దెర మీదే ఉన్నారు. వాళ్ళ సోయా ఇంకా చేనులోనే ఉంది.

అప్పుడే అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, ఇన్నేండ్లల్ల ఉద్దెర ఎంత మునిగింది?"

కాసేపు ఆలోచించింది. "ఇద్దరు ఇయ్యలె. ఒకాయన సచ్చిపోయిండు. ఇంకొకామె బతుకబోయి మళ్ళ రాలే. ఎందుకే?"

"ఊరికెనే. నా యాప్ మంచిగ పనిచేస్తుందా?"

అమ్మ చప్పుడు చేయలేదు. మళ్ళీ అడిగితే అప్పుడు చెప్పింది. ఆగస్టు మొదట్లో తాతకి మెసేజ్ పోయింది. తర్వాత ఇంకోటి, తర్వాత ఘాటుది. అన్నీ ఇంగ్లిష్‌లో. ఆయన మనవడు చదివి, కేసు పెడతారట అని చెప్పాడు. తాత ఎవరి దగ్గరో వడ్డీకి తెచ్చి, పైసలు గల్లా మీద పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా పోయాడు. అమ్మ ఎంత చెప్పినా వెనక్కి తీసుకోలేదు. అప్పటి నుంచి మా దుకాణం ముందు నుంచి నడిచిపోతున్నాడు కానీ ఆగడం లేదు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు కష్టపడి చేసినవని" అంది.

ఆ రాత్రే అక్క ల్యాప్‌టాప్‌లో మెసేజ్‌లు పంపే కోడ్ మొత్తం తీసేశాను. రాయడానికి రెండు వారాలు పట్టింది, తీసేయడానికి పది నిమిషాలు. తేదీ ఫీల్డ్‌ని మామూలు టెక్స్ట్ చేశాను. మన డీబీఎంఎస్ సార్ చూస్తే తిడతారు, తెలుసు.

దసరా సెలవులకి ఇంటికి వెళ్ళాను. నేనే తాత ఇంటికి పోయాను. దారిలో మంచి మాటలు చాలా తయారు చేసుకున్నాను, వాకిట్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "తాతా, ఆ మెసేజ్ అమ్మ పంపలే. నేను పంపిన. తప్పు నాదే" అన్నాను. వడ్డీ ఎంత అయిందో చెప్పమన్నాను. నా స్కాలర్‌షిప్ పైసలు కొన్ని ఉన్నాయి. ఆయన చెప్పలేదు.

"నీ ఫోను మంచిగనే అడిగిందిలే బిడ్డా. కాకపోతే ఇంగ్లిష్‌ల అడిగింది" అన్నాడు. నవ్వాడో లేదో మీసాల్లో సరిగ్గా కనిపించలేదు.

రెండు రోజులు రాలేదు. మూడో రోజు సాయంత్రం వచ్చాడు. అరకిలో బెల్లం, చాయపత్తి తీసుకుని, అమ్మ వైపు చూసి "రాసుకో" అన్నాడు. అమ్మ నోట్‌బుక్ తీసింది. పక్కనే ఉన్న ఫోన్ కూడా నా వైపు జరిపింది, నువ్వూ రాసుకో అన్నట్టు.

నేను పేరు కొట్టాను, బాకీ కొట్టాను. ఎప్పుడు అని మాత్రం అడగలేదు. నాకు తెలుసు కదా.