కంకర క్వారీలో కడలి జాడ!

రాజమండ్రిలో గోదావరి దాటి కొవ్వూరు మీదుగా వెళితే, దేవరపల్లి దగ్గర గౌరీపట్నం వస్తుంది. నిర్మలగిరి మేరీమాత పుణ్యక్షేత్రం ఉన్న ఊరంటే చాలామందికి తెలుస్తుంది. ఆ చుట్టుపక్కలే నల్లరాతి క్వారీలున్నాయి. క్రషర్ల రొద, లారీల దుమ్ము... అక్కడ చూడ్డానికేముంది అనుకుంటాం. కానీ ఆ గోతుల గోడల్లో ఓ సముద్రం దాగుందంటే నమ్ముతారా? బంగాళాఖాతం ఇప్పుడు అక్కడికి యాభై కిలోమీటర్లకు పైనే దూరం మరి!

క్వారీ గోడను కింది నుంచి పైకి చూడండి. అడుగున నల్లరాయి, పైనా నల్లరాయే. రెండూ ఒకప్పుడు లావా. బొబ్బట్టులో పూర్ణంలా మధ్యన సున్నపురాయి, బంకమట్టి పొర. ఆ లావా పడమటి కనుమల వైపు పుట్టి, నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరిందని శాస్త్రవేత్తల అంచనా.

అసలు కథ మధ్య పొరలోనే ఉంది. ఆ మట్టిని నానబెట్టి, సన్నటి జల్లెడలో కడిగి, ఆరబెట్టి మైక్రోస్కోపు కింద పెడితే ఇసుక రేణువుల్లాంటి గుల్లలు కనిపిస్తాయి. ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులవి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు వాటిని సన్నటి కుంచెతో ఒక్కొక్కటే ఏరతారు. వీటిలో నీళ్లలో తేలుతూ బతికేవి కొన్ని, అడుగున ఉండేవి కొన్ని. లోతుకో రకం, కాలానికో రకం. అందుకే గుల్లను బట్టి ఆ నీటి లోతూ, ఆ పొర వయసూ చెప్పొచ్చు.

ఇక్కడి గుల్లలు చెప్పేదేమిటి? ఏరు సముద్రంలో కలిసే మొగ, తీరం దగ్గర లోతు లేని నీళ్లు. మధ్యమధ్య నీరు తగ్గి నేల బయటపడిన గుర్తులూ ఉన్నాయి. ఇవాళ్టి అంతర్వేదిని తలచుకోండి, సరిపోతుంది.

2008లో గెర్టా కెల్లర్ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. పొర అడుగున దొరికిన గుల్లలు, 6.6 కోట్ల ఏళ్ల కిందట రాక్షసబల్లులు అంతరించిన వెంటనే కొత్తగా పుట్టుకొచ్చిన రకాలట! అంటే వాటి కిందనున్న లావా పారింది సరిగ్గా ఆ మహావినాశనం రోజుల్లోనే అన్నమాట. ఉల్క దెబ్బే అసలు కారణమని ఎక్కువమంది అంటారు. లావా పాత్ర ఎంతన్న వాదన ఇంకా సాగుతూనే ఉంది. ఆ వాదనలో గౌరీపట్నం, పక్కనున్న దుద్దుకూరు సాక్షులు!

చూడాలనుకుంటే ముందు క్వారీ వాళ్ల అనుమతి తీసుకోండి. పేలుళ్ల వేళ అటు పోవద్దు.

తవ్వబట్టే ఈ పొర మన కంటపడింది. తవ్వుతూ పోతే కంకరతోపాటే మాయమవుతుంది. రోడ్లకు కంకర కావాల్సిందే, కాదనలేం. కానీ బడిపిల్లల్ని తీసుకెళ్లి, ‘ఇదిగో, ఇక్కడే సముద్రం ఉండేది’ అని చూపించడానికి ఒక్క గోడనైనా అట్టేపెట్టుకోలేమా?