పందిరి ఆగింది, కంకర పడింది

కాలిఫోర్నియాలో ఇల్లు చూడ్డానికి వెళ్లిన మనవాళ్లు ముందు అడిగేది స్కూలు రేటింగు, తర్వాత వాకిలి ఏ దిక్కున ఉందని, ఆపైన ఆఫీసుకి ఎంత దూరమని. ఇన్సూరెన్సు సంగతి లోను కాగితాల మీద సంతకాలు పెట్టేటప్పుడు గానీ గుర్తొచ్చేది కాదు. ఇప్పుడా వరస తిరగబడింది. శాక్రమెంటోకి తూర్పున, ఫోల్సమ్ దాటాక వచ్చే ఎల్ డొరాడో హిల్స్ కొండల్లో మేముంటాం. ఎండాకాలం వస్తే చుట్టూ గడ్డి బంగారు రంగుకి తిరుగుతుంది. చూడ్డానికి బాగుంటుంది, పాలసీ రాసేవాళ్లకే నచ్చదు.

మా ఇంటి పాలసీని ఇక కొనసాగించబోమని కంపెనీ ఉత్తరం పంపింది. గడువుకి 75 రోజుల ముందు ఆ మాట చెప్పాలని ఇక్కడి చట్టం. ఒక్క క్లెయిమ్ కూడా చెయ్యలేదు కదా అంటే, ఏజెంటు మనవాడే, "మీ రికార్డు బాగానే ఉందండీ. బాగోలేనిది మీ కొండ" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. 2018 నవంబరులో ప్యారడైజ్ ఊరిని కాల్చిన క్యాంప్ ఫైర్ అనే కార్చిచ్చులో 85 మంది పోయారు, 18 వేలకి పైగా కట్టడాలు బూడిదయ్యాయి. 2021 ఆగస్టులో రేగిన కాల్డోర్ ఫైర్ మా కౌంటీలోదే. అది సియెరా శిఖరాలు దాటి టాహో లోయలోకి దిగింది. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ మంటల సంగతి అందరూ టీవీలో చూసిందే.

లోను ఉన్న ఇంటికి ఇన్సూరెన్సు తీసేస్తే బ్యాంకు ఊరుకోదు. తానే ఒక ఖరీదైన పాలసీ కొని మన ఖాతాకి రాస్తుంది. అది ముఖ్యంగా బ్యాంకు అప్పుకే రక్ష, మన సామానుకి కాదు. మామూలు కంపెనీలన్నీ కాదన్నాక మిగిలేది 1968 నుంచీ ఉన్న ఫెయిర్ ప్లాన్. నిప్పు, పొగ, పిడుగు లాంటివాటికే అది పూచీ పడుతుంది. దొంగలు పడినా, పైపు పగిలినా, వచ్చిన చుట్టం మెట్ల మీద జారిపడి దావా వేసినా దానికి సంబంధం లేదు. వాటికోసం ఇంకో పాలసీ తీసుకోవాలి. రెండూ కలిపితే మా ప్రీమియం మూడింతలు దాటింది. లోనుతో పాటు బ్యాంకు వసూలు చేసే ఎస్క్రో ఖాతా నుంచి కట్టే డబ్బు కాబట్టి నెలవారీ లోను కిస్తీ కూడా ఆ మేరకు పెరిగింది.

అప్పటికి మా దగ్గర పెరట్లో చెక్క పందిరి కోసం దాచిన డబ్బుంది. వ్రతాలకీ, పిల్లల పుట్టినరోజులకీ నలుగురూ కూర్చోడానికి ఇంటి గోడకి ఆనించి వెయ్యాలని మావారి సరదా. ఆ డబ్బు ఎటు మళ్లించాలో తేల్చింది అగ్నిమాపక శాఖవారు చెప్పే ఒక్క విషయం. కార్చిచ్చులో కాలిపోయే ఇళ్లలో చాలావాటిని అంటించేది ఎదురుగా వచ్చే మంటలు కావు, వాటికంటే ముందు గాలికి కొట్టుకొచ్చే నిప్పురవ్వలు. మంట మైలు దూరంలో ఉండగానే రవ్వ వచ్చి గట్టర్‌లోని ఎండు పైన్ సూదుల మీదో, గోడ వారన పరిచిన బెరడు ముక్కల మీదో వాలుతుంది. అందుకే గోడ నుంచి మొదటి అయిదడుగుల్లో అంటుకునేది ఏదీ ఉండకూడదంటారు. గోడకి ఆనించిన చెక్క పందిరంటే రవ్వలకి పీట వేసినట్టే.

పందిరి ఆపేశాం. బెరడు తీయించి కంకర పోయించాం. అటిక్ వెంట్లకి స్కేలు పెట్టి చూస్తే జాలీ కన్ను పావంగుళం ఉంది. రవ్వ దూరడానికి అది చాలు. ఎనిమిదో వంతు అంగుళం కన్నున్న లోహపు జాలీ వేయించాం. చెక్క కంచె ఇంటికి తగిలేచోట ఒక పలక తీసి ఇనప గేటు పెట్టించాం. వీటన్నిటికీ అయింది పందిరి ఖర్చులో మూడో వంతే.

గుమ్మం దగ్గర మాత్రం డబ్బుతో తేలని పేచీ వచ్చింది. కొబ్బరిపీచు పట్టా, దాని పైన ఉగాదికి కట్టి ఎండిపోయిన మామిడాకుల తోరణం, పక్కన రబ్బరు చెప్పుల గుట్ట. నిప్పుకి ఇంతకన్నా మంచి స్వాగతం ఉండదు. వేసవికని మా దగ్గరికొచ్చిన అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "తోరణం లేని గుమ్మం ఏం గుమ్మమమ్మా!" అన్నారు. చివరికి ఇత్తడి గంటల తోరణానికి ఇద్దరం రాజీపడ్డాం. పండగ నాడు పచ్చి ఆకులు కట్టి మర్నాడు తీసేస్తాం.

2022 చివర్లో వచ్చిన నిబంధన వల్ల ఇలాంటి పనులు చేసినవాళ్లకి ఇన్సూరెన్సు కంపెనీలు ప్రీమియంలో రాయితీ ఇవ్వాలి. ఫోటోలు, బిల్లులు పంపితే మాకూ కొంత తగ్గింది. ఆ తగ్గింపుతోనే పెట్టిన ఖర్చు రాబట్టాలంటే ఏళ్లు పడుతుంది. దాన్ని చూసి చెయ్యలేదు కాబట్టి బాధ లేదు.

పాలసీ మొత్తం ఎంతకి రాయించుకోవాలన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. ఇంటి ధర అంటే మనకి వెబ్‌సైట్లో కనిపించే అంకే కళ్లలో మెదులుతుంది. అందులో నేల విలువ కూడా కలిసి ఉంటుంది, నేల కాలదు. కావలసింది తిరిగి కట్టడానికయ్యే ఖర్చు. రెండున్నర వేల చదరపు అడుగుల ఇంటికి అడుగుకి 400 డాలర్లు వేసుకున్నా పది లక్షలు. ఊరంతా ఒకేసారి కట్టుకునే రోజున మేస్త్రీ కూలీ, కలప ధర ఇవాళ్టిలా ఉండవు. అద్దె భత్యం కూడా చూసుకోవాలి. ఇల్లు కాలినా లోను కిస్తీ ఆగదు, అద్దె దానికి తోడవుతుంది.

బంగారం విషయంలో మనవాళ్లు తప్పక చదవాల్సిన వాక్యం ఒకటుంది. వాడుకలో ఉన్న మామూలు ఇంటి పాలసీ నమూనాలో నగదు, బంగారు నాణేలు, బిస్కెట్లు అన్నీ ఒకే పద్దు, దాని పరిమితి 200 డాలర్లు. అక్షయ తృతీయకి కొన్న కాసు ఒక్కటే అంతకి ఎన్నో రెట్లు. నగలు వేరే పద్దు, వాటికి విడిగా జాబితా రాయించుకోవచ్చు. మేం బిస్కెట్లు బ్యాంకు లాకర్‌కి చేర్చాం.

పందిరి డబ్బులో మిగిలింది విడి సేవింగ్స్ ఖాతాలో ఉంది. నష్టంలో ముందుగా మనమే భరించాల్సిన డిడక్టబుల్‌ని పదివేల డాలర్లకి పెంచి ప్రీమియం కొంత దించాం. ఆ పదివేలు చేతిలో లేకుండా డిడక్టబుల్ పెంచితే అది ఆదా కాదు, కనపడని అప్పు.

అత్తయ్యగారూ మావయ్యగారూ వచ్చేది మే నుంచి అక్టోబరు దాకా. అగ్ని కాలమూ అదే. ఇద్దరికీ కారు నడపడం రాదు, పగలు మేం ఆఫీసులో. పక్కింటివాళ్ల నంబరు ఫ్రిజ్ మీద అంటించి, కౌంటీ హెచ్చరికలు మావయ్యగారి ఫోనుకీ వచ్చేలా చేశాం. కరెంటు పోతే గ్యారేజీ తలుపు మీటతో తెరుచుకోదు, పైనున్న ఎర్ర తాడు లాగి చేత్తో ఎత్తాలి. మావయ్యగారు ఓసారి లాగి, "మా బావి గిలకే నయం" అన్నారు. పాస్‌పోర్టులు, ఓసీఐ కార్డులు, గ్రీన్‌కార్డులు, ఊళ్లో పొలం పాస్‌బుక్, ఇండియా నుంచి తెచ్చుకున్న ఆరు నెలల బీపీ మాత్రలు ఒకే సంచిలో తలుపు పక్క అల్మరాలో ఉంటాయి.

కొండ దిగి ఊళ్లోకి వచ్చెయ్యొచ్చుగా అని స్నేహితులంటారు. లెక్క వేశాం. 2021లో మూడు శాతం లోపు వడ్డీకి దొరికిన లోను వదులుకుంటే మళ్లీ దొరకదు. అమ్మితే కమిషన్ ఉంది. ఇక్కడ అమ్మేవాళ్లు ఇంటి చుట్టూ చెత్తాచెదారం తీయించినట్టు కాగితం చూపాలని 2021 జూలై నుంచి నిబంధన, అదీ ఒక ఖర్చే. ప్రస్తుతానికి ఉండటమే చవక. ప్రీమియాలు, గడ్డి కోత, మరమ్మతులు కలిపి ఏడాదికి పద్నాలుగు వేల డాలర్లు దాటిన రోజున ఇల్లు అమ్మకానికి పెట్టాలని మావారూ నేనూ రాసిపెట్టుకున్నాం. పొగ కళ్లల్లో పడ్డాక తీసుకునే నిర్ణయం కన్నా, చల్లగా ఉన్న ఫిబ్రవరిలో కూర్చుని వేసిన ఆ అంకెనే నమ్ముతాను.