మొక్క రుచి, చెక్క రుచి

సాహిత్య పత్రికలో మద్యం ముచ్చట్లేమిటని కొందరు పాఠకులు నొసలు చిట్లించవచ్చు. వారికి ముందే ఒక మాట. నేను తాగుబోతును కాను, తాగమని చెప్పేవాణ్ణీ కాను. బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, ముప్పై ఏళ్ళుగా అంకెల మధ్య బతుకుతున్నవాణ్ణి. ఏ అంకె కనబడినా దాని వెనుక ఏముందో ఆరా తీయడం నాకు అబ్బిన గుణం. ఆ గుణంతోనే ఐదు రకాల టెకీలాను రుచి చూశాను. నాలుక చెప్పినదీ లెక్క చెప్పినదీ ఒకటే కావడంతో నలుగురితో పంచుకోవాలనిపించింది.

మాది హోసూరు ప్రాంతం. ఎన్ని తరాలుగా ఉన్నామో చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో ఇప్పుడెవరూ లేరు. మా అబ్బాయి కంపెనీ పని మీద మెక్సికోలోని గ్వాదలహారా నగరంలో కొన్నాళ్ళున్నాడు. హాలిస్కో రాష్ట్రానికి అది రాజధాని. 2023 చివరలో నేనూ మా ఇంటావిడా సెలవు మీద వాడి దగ్గరికి వెళ్ళాం. అక్కడికి అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో టెకీలా అనే ఊరుంది. మద్యానికి ఆ పేరు ఊరిని బట్టి వచ్చిందే.

ఊరు దగ్గర పడేకొద్దీ రోడ్డుకు రెండు వైపులా నీలి బూడిదరంగు పొలాలు. బల్లేల్లాంటి ఆకులతో వరుసలు తీరి నిలబడ్డ మొక్కలు. "ఇది మన రైలుకట్ట పక్క కిత్తనార కదురా!" అంది మా ఇంటావిడ. ఆమె మాటలో సగానికి పైగా నిజముంది. మన కంచెల్లో కనబడే కిత్తనార కూడా ఏనాడో ఆ ఖండం నుంచి ఓడల్లో వచ్చిందే. రెండూ ఒకే ప్రజాతివి. అయితే టెకీలాకు పనికివచ్చేది నీలి అగావే ఒక్కటే. మరే అగావేనీ అక్కడి చట్టం ఒప్పుకోదు. ఆ పొలాలనూ, పాత బట్టీలనూ కలిపి 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఈ మొక్కను విత్తనం వేసి పెంచరు. అరటికి లాగా పిలకలు తీసి నాటుతారు. పక్వానికి రావడానికి ఆరేడేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పూలకాడ తన్నుకొస్తే గడ్డలో దాచుకున్న తీపి అంతా దానికే పోతుంది కనుక, కాడ రాగానే నరికేస్తారు. కోతకు వచ్చిన మొక్కను హిమదోర్ అనే పనివాడు పొడుగు కర్రకు బిగించిన గుండ్రటి పలుగుతో ఆకులన్నీ చెక్కి, మధ్య గడ్డను బయటకు తీస్తాడు. చెక్కిన గడ్డ అనాసపండు లాగా ఉంటుంది. వాళ్ళ భాషలో దాని పేరు కూడా అదే, పీన్యా. ఒక్కొక్కటి ముప్పై, నలభై కిలోలు తూగడం మామూలే. నరికాక ఆ మొక్క కథ ముగిసినట్టే. మామిడిలా మరుసటేడు మళ్ళీ కాసేది కాదు.

ఆ గడ్డలను ఇటుకల పొయ్యిలో రెండు మూడు రోజులు ఆవిరి మీద ఉడికిస్తారు. తొందర ఉన్నవాళ్ళు పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి ఉక్కు పాత్రల్లో గంటల్లో ముగిస్తారు. ఇంకా తొందర ఉన్నవాళ్ళు డిఫ్యూజర్ అనే యంత్రంలో పచ్చిగడ్డను తురిమి వేడినీళ్ళతో తీపిని పిండుకుంటారు. ఉడికిన గడ్డను నలిపే పాత పద్ధతి చూస్తే మనకు కొత్తనిపించదు. గుండ్రటి గుంటలో పెద్ద రాతి చక్రం తిరుగుతుంది, అచ్చం మన సున్నపు గానుగలా. దాన్ని తహోనా అంటారు. తర్వాత రసాన్ని పులియబెట్టి రెండుసార్లు బట్టీ దించుతారు.

ఇక పేరు సంగతి. 1974లో మెక్సికో ప్రభుత్వం టెకీలా అనే పేరును నేలతో ముడిపెట్టింది. హాలిస్కో రాష్ట్రం మొత్తంలోనూ, మరో నాలుగు రాష్ట్రాల్లోని కొన్ని తాలూకాల్లోనూ తయారైనదే టెకీలా. మన దేశంలోనూ ఈ పేరుకు రక్షణ ఉంది. చెన్నై గిండీలోని భౌగోళిక గుర్తింపుల కార్యాలయంలో అది నమోదై ఉంది. 2011లో చిత్తూరు జిల్లాలో, దక్కను నేల మీద పెరిగిన కిత్తనార నుంచి డెస్మండ్‌జీ అనే పేరుతో మద్యం తీయడం మొదలుపెట్టారు. పద్ధతి ఇంచుమించు అదే. అయినా సీసా మీద అగావే మద్యం అని రాసుకోవాలే తప్ప టెకీలా అనరాదు. ఇందులో అన్యాయమేమీ నాకు కనబడదు. 2017లో బనగానపల్లె మామిడికి ఆంధ్రప్రదేశ్ పేర గుర్తింపు వచ్చినప్పుడు మా కృష్ణగిరి జిల్లా తోటల్లోని బంగినపల్లి చెట్లు కాపు మానుకోలేదు. పేరు పుట్టిన చోటిది. రుచి పెరిగిన నేలది. సరిహద్దుకు ఇవతల తెలుగు మాట్లాడుకునే మనకు ఈ తేడా ఒకరు చెప్పాల్సిన పని లేదు.

సీసా మీద ముందుగా చూడవలసింది '100 శాతం అగావే' అన్న మాట. అది లేకపోతే అందులో అగావే చక్కెర 51 శాతం ఉంటే చాలు. మిగిలినది చెరకుదో మరొకదానిదో కావచ్చు. మన ఊళ్ళలో ఉప్పు నాకి, నిమ్మచెక్క కొరికి, కళ్ళు మూసుకుని మింగే సరుకులో ఈ రెండో రకమే ఎక్కువ. ఉప్పూ నిమ్మా ఎందుకంటే, రుచి తెలియకుండా ఉండటానికి.

వయసును బట్టి తరగతులున్నాయి. పీపాలో పెట్టకుండా, లేదా రెండు నెలల లోపే సీసాకెక్కేది బ్లాంకో, అంటే తెల్లది. ఓక్ చెక్క పీపాలో కనీసం రెండు నెలలు ఉన్నది రెపొసాదో, అంటే విశ్రమించినది. ఆరువందల లీటర్లకు మించని పీపాలో ఏడాది దాటినది అన్యెహో. మూడేళ్ళు దాటితే ఎక్స్‌ట్రా అన్యెహో. ఈ తరగతి 2006లో వచ్చి చేరింది. పీపాలో ముదిరినదాన్ని బొగ్గుతో వడకట్టి రంగు తీసేసి, క్రిస్తలీనో అని అమ్మడం ఈ మధ్య ముచ్చట. మీసాలకు రంగు వేసుకునే నా వయసువాళ్ళకు దాన్ని గురించి వేరే చెప్పనక్కరలేదు.

రుచి చూడడం మా అబ్బాయి ఇంట్లోనే జరిగింది. మా నాయన ముందు నేను కుర్చీలో కూడా కూర్చున్నవాణ్ణి కాదు. నా కొడుకు నా ముందు గ్లాసులు పెడుతుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా ఇంటావిడ ఒక చూపు చూసి, బియ్యంతో చేసే ఓర్చాతా అనే పానీయం గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. వాడు ఐదు గ్లాసుల్లో తలా రెండు చెంచాలు పోసి, సీసాలు పక్క గదిలో పెట్టి వచ్చాడు. "వెల చూసి చెప్పొద్దు నాయనా, నాలుక చూసి చెప్పు" అన్నాడు. పేర్లు తర్వాత చెప్పాడు.

మొదటిది బ్లాంకో. ఆరాందాస్ ఊళ్ళో చేసే తపతీయో. అది ఎత్తైన ఎర్రనేల ప్రాంతం. మట్టి రంగు మా హోసూరు చేలను గుర్తుకు తెస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకోగానే కాల్చిన గెనుసుగడ్డ వాసన. ఆ వెనకే నారింజ తొక్క, చివర్లో నాలుక కొసన మిరియం. రెండోదీ బ్లాంకోనే, టెకీలా ఊరి ఫొర్తలేసా. ఇప్పటికీ ఇటుకల పొయ్యి, తహోనా వాడే బట్టీ అది. 1976లో తమ పాత కంపెనీని అమ్ముకున్న సౌసా కుటుంబం మనవడు మళ్ళీ నిలబెట్టుకున్నది. మెక్సికోలో దాని పేరు లోస్ అబుయెలోస్, అంటే తాతలు. ఇందులో గెనుసుగడ్డతో పాటు తొలి వానకు తడిసిన మట్టి, నలిపిన పచ్చి ఆకు, ఉప్పదనం లాంటిదేదో ఉంది. ఎగువ నేలది తియ్యన, దిగువ లోయది మట్టివాసన అని అక్కడ అంటుంటారు. ఈ రెండు గ్లాసుల వరకు ఆ మాట నిజమే. అయితే పొయ్యి, గానుగ, పులియబెట్టే తీరు కూడా రుచిని మారుస్తాయి కనుక అంతా నేలకే జమ కట్టడం సరికాదు.

మూడోది అమతితాన్ ఊరి హెర్రదూరా రెపొసాదో, పదకొండు నెలలు పీపాలో ఉన్నది. గడ్డ రుచి ఇంకా ఉంది, దాని మీద దాల్చినచెక్క పైపంచె కప్పినట్టుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఇది సుఖంగా ఉంటుంది. నాలుగోది దోన్ హూలియో 1942, రెండున్నరేళ్ళ అన్యెహో. ముదురు బెల్లం పాకం, వెనిలా, జారిపోయే నునుపు. ఐదోది కువెర్వో వాళ్ళ రెసెర్వా దె లా ఫమీలియా, ఎక్స్‌ట్రా అన్యెహో. ఎండుద్రాక్ష, కాల్చిన బాదం, కొత్త టేకుపెట్టె మూత తెరిచినప్పటి వాసన. చాలా గొప్పగా ఉంది. కళ్ళు మూసుకుని ఇస్తే మంచి కొన్యాక్ అనుకునేవాణ్ణి. అదే చిక్కు. గెనుసుగడ్డ కోసం వెతికాను, దొరకలేదు.

"ఎట్లుంది నాయనా?" అని వాడు అడిగింది ఆ ఐదోదాని గురించే. నా కోసమని కొని దాచిన సీసా అది.

"ఇది బాగుంది. మొదటిది ఇంకా బాగుంది" అన్నాను.

వాడు ఒక నిమిషం ఊరుకుని, "మొదటిది ఐదింట్లోకీ తక్కువ వెలది" అని నవ్వాడు. నవ్వులో కొంచెం చిన్నబుచ్చుకోవడం కూడా ఉంది. కానీ నాలుక చూసి చెప్పమన్నది వాడే. నాకు నచ్చినట్టు నటించి ఉంటే ఆ సాయంత్రం మా మధ్య కుదిరిన కొత్త స్నేహం అక్కడే అబద్ధంతో మొదలయ్యేది.

పీపాలో పెట్టినందుకు ఎక్కువ ధర పెట్టడం మోసం కాదు. సరుకు మూడేళ్ళు గిడ్డంగిలో పడుకుంటే పెట్టుబడి మీద వడ్డీ పెరుగుతుంది. ఏటేటా కొంత ఆవిరైపోతుంది. పీపాలకు ఖర్చు. బ్యాంకువాడిగా ఆ లెక్క ఒప్పుకుంటాను. నేను అడిగేది వేరు. చెక్కలో గడిచిన మూడేళ్ళకు వడ్డీ కడుతున్నాం. మరి మట్టిలో గడిచిన ఏడేళ్ళకు?

మర్నాడు ఎగువ ప్రాంతానికి వెళ్ళినప్పుడు ఒక రైతుతో మా అబ్బాయి స్పానిష్‌లో మాట్లాడి నాకు తెలుగులో చెప్పాడు. 2022 వరకు అగావే కిలో ముప్పై పెసోల చుట్టూ పలికింది. అది చూసి అందరూ నాటారు. మేము వెళ్ళేసరికి ధర జారుతోంది. 2024లో పది పెసోల లోపుకు పడిపోయింది. ఇది మొదటిసారి కాదు. 2000 ప్రాంతంలో తెగుళ్ళ వల్ల కొరత, ఆ దశాబ్దం చివరికి అడిగే దిక్కులేని చవక. పిలకల ద్వారా పెరిగిన మొక్కలన్నీ ఒకే పోలికవి కావడంతో ఒకదానికి సోకినది అన్నిటికీ సోకుతుంది.

ఈ కథ నాకు కొత్తది కాదు. మా రాయకోట మార్కెట్టులో టమాటా ధర ఎక్కగానే అందరూ టమాటా వేస్తారు. కోతకొచ్చేసరికి రోడ్డు పక్కన పారబోస్తారు. పంట రుణాలు ఇచ్చినవాడిగా ఆ ముఖాలు చూశాను. అయితే టమాటా రైతు మూడు నెలల్లో మునిగి, అదృష్టం బాగుంటే మరో పంటకు తేలతాడు. అగావే రైతు ఏడేళ్ళు ఆగి మునుగుతాడు. లీటరు మద్యానికి సుమారు ఏడు కిలోల గడ్డ పడుతుందనుకుంటే, కిలో ముప్పై ఉన్నప్పుడు రైతు వాటా రెండువందల పది పెసోలు. కిలో ఐదైతే ముప్పై ఐదు. సీసా వెల మాత్రం ఆ నిష్పత్తిలో దిగిరాదు.

ధర ఎక్కినప్పుడు మరో నష్టం. ఆగలేక మూడు నాలుగేళ్ళ లేతగడ్డను నరుకుతారు. అందులో తీపీ ఉండదు, వాసనా ఉండదు. ఆ లోపం బ్లాంకోలో వెంటనే బయటపడుతుంది. పీపాలో పెడితే చెక్క కప్పిపుచ్చుతుంది. చాలకపోతే కారమెల్ రంగు, ఓక్ సారం, గ్లిజరిన్, చక్కెర పాకం కలపవచ్చు. మొత్తం బరువులో 1 శాతం మించకపోతే నిబంధనలు ఒప్పుకుంటాయి. అందుకే ఏ బట్టీనైనా ముందు దాని బ్లాంకోతో తూచాలన్నది నా అభిప్రాయం. ఆస్తిపాస్తుల పట్టికలో అంకెలు అందంగా కనిపించినప్పుడు, అసలు వ్యాపారంలో నగదు వస్తోందా అని మేము చూసేది కూడా ఇందుకే.

ఎవరైనా బంధువు విమానాశ్రయం నుంచి ఖరీదైన సీసా తేబోతుంటే, వెల తగ్గించుకుని 100 శాతం అగావే బ్లాంకో ఒకటి తెమ్మనండి. ఉప్పు వద్దు, నిమ్మ వద్దు, మంచు వద్దు. రెండు చెంచాలు చాలు. గ్లాసును ముక్కుకు దగ్గరగా పెట్టి, నోరు కొంచెం తెరిచి వాసన చూడండి. కాల్చిన గెనుసుగడ్డ వాసన వచ్చిందంటే, ఎవరో ఒకరు ఆ మొక్క పండేదాకా ఓపికపట్టారన్నమాట.