శల్యసారథ్యం, ఒక బడిపంతులు



చాలాకాలంగా వ్రాద్దామనుకుంటూ, ఏదో ఒక నెపంతో దాటవేస్తూ వచ్చిన విషయమొకటి నేడు వ్రాయదలిచాను. పైకి చూస్తే ఇది అమెరికా దేశపు ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన ఒకానొక వ్యక్తి యోగ్యతాయోగ్యతల విచారణ. లోనికి వెళితే నా సొంత పద్దు. రెండూ ముడిపడి ఉన్నాయి గనుక కలిపే చెబుతాను. కాస్త ఓపికతో చదవ ప్రార్థన.

2024 జూలై 15న ట్రంపుగారు తమకు జోడీగా ఒహాయో రాష్ట్రపు సెనేటరు జె.డి. వాన్స్‌ను ప్రకటించారు. మరునాడే మా బావమరిది ఫోను. "బావగారూ, విన్నారా? మన ఆంధ్రా అల్లుడు అమెరికా ఉపాధ్యక్షుడు కాబోతున్నాడు!" వాన్స్ సతీమణి ఉషా చిలుకూరి సాన్ డియేగో ప్రాంతంలో పుట్టి పెరిగినా, ఆమె పూర్వీకులది గోదావరి సీమలోని వడ్లూరు. మా బావమరిదిదీ ఆ సీమే. ఇక చెప్పేదేమున్నది? ఆ నెలంతా ఆయన తానే పిల్లనిచ్చిన వాడివలె తిరిగాడు.

"అల్లుడైతే సంతోషమే. పనికి తగినవాడా కాదా అన్నది వేరు ప్రశ్న కదుటయ్యా" అన్నాను. అక్కడ మొదలైంది మా వాదం.

ఈ పదవి సంగతి కొంత చెప్పాలి. మన దేశంలో ఉపరాష్ట్రపతిని పార్లమెంటు సభ్యులు ఎన్నుకుంటారు. అక్కడ అట్లా కాదు. అధ్యక్ష పదవికి నిలిచినవాడే తన జోడీని ఎంచుకుంటాడు, ప్రజలు ఇద్దరికీ కలిపి ఒకే ఓటు వేస్తారు. మొదట్లో రెండవ స్థానంలో వచ్చినవాడే ఉపాధ్యక్షుడయ్యేవాడు. 1796లో ఆడమ్స్ గెలిస్తే, ఆయనతో పోటీపడిన జెఫర్సన్ ఆయన క్రిందనే ఉపాధ్యక్షుడైనాడు. 1800లో జెఫర్సన్‌కూ ఆయన జోడీ బర్‌కూ సమానంగా ఓట్లు వచ్చి పెద్ద చిక్కు ఏర్పడింది. 1804లో రాజ్యాంగాన్ని సవరించి ఆ పద్ధతి మాన్పించారు.

ఉపాధ్యక్షునికి నిత్యం చేయవలసిన పని స్వల్పం. సెనేటుకు అధ్యక్షత వహించాలి, ఓట్లు సమానమైతే తన ఓటు వేయాలి. తక్కిన కాలమంతా నిరీక్షణయే. అయినా ఆ నిరీక్షణ వట్టిది కాదు. నేటివరకు ఎనిమిదిమంది అధ్యక్షులు పదవిలో ఉండగా మరణించారు, 1974లో నిక్సన్ రాజీనామా చేశాడు. అంటే తొమ్మిదిసార్లు రెండవ కుర్చీలోని వాడు లేచి మొదటి కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. 1945లో ట్రూమన్ ఉపాధ్యక్షుడై 82 రోజులే అయింది, రూజ్వెల్టు కన్నుమూశాడు. ఆనాటివరకు ఆటంబాంబు వివరాలు ట్రూమన్‌కు ఎవరూ చెప్పలేదు. కళాశాల పట్టా లేనివాడు, బట్టల దుకాణం పెట్టి నష్టపోయినవాడు, ఒక రాజకీయ ముఠా అండతో పైకి వచ్చినవాడు అని ఆయనను గురించి అప్పట్లో ఎన్నో అన్నారు. ఆ మనిషి చేతికే ప్రపంచయుద్ధపు పగ్గాలు వచ్చాయి.

అందుచేతనే నేను మా బావమరిదికి భారతంలోని కర్ణపర్వాన్ని గుర్తుచేశాను. కర్ణునికి సారథి కావలసి వచ్చినప్పుడు దుర్యోధనుడు శల్యుణ్ణి తెచ్చాడు. వంశం చూస్తే మహారాజు, అశ్వవిద్యలో సాటిలేనివాడు, పైగా పాండవుల మేనమామ. అర్హతలన్నీ ఉన్నాయి, మనసు మాత్రం రథం మీద లేదు. శల్యసారథ్యమన్న మాట మన భాషలో అట్లా నిలిచిపోయింది. జోడీని ఎంచుకోవడంలో వంశమూ చుట్టరికమూ చూడరాదని నా వాదన.

ఆ వాదన నేనే మూడు వారాలు నిలుపుకోలేకపోయాను.

జూలై 21న బైడెన్ పోటీనుంచి తప్పుకున్నాడు, కమలా హారిస్ ముందుకు వచ్చింది. ఆమెకు జోడీ ఎవరన్నది ప్రశ్న. పెన్సిల్వేనియా గవర్నరు షపీరో అన్నారు, వ్యోమగామిగా పనిచేసిన సెనేటరు కెల్లీ అన్నారు. ఆగస్టు 6న ఆమె ఎంచుకున్నది మిన్నెసోటా గవర్నరు టిమ్ వాల్జ్‌ను. నెబ్రాస్కా పల్లెపట్టున పెరిగినవాడు. అన్నిటికీ మించి బడిపంతులు! మంకాటో అన్న ఊరి హైస్కూలులో భూగోళం చెప్పాడు, పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పాడు.

మా అమ్మాయి కాపురం మిన్నెసోటాలోనే. 2023లో అక్కడికి వెళ్ళినప్పుడు మనవరాలు బడినుంచి వచ్చి, "తాతయ్యా, ఇప్పుడు మా స్కూల్లో అందరికీ అన్నం ఫ్రీ" అని చెప్పింది. ఆ చట్టం మీద సంతకం చేసిన గవర్నరు ఈ వాల్జే. 2003లో మన బడులలో మధ్యాహ్న భోజనం వచ్చిన తొలినాళ్ళలో, వరండాలో బారులు తీరి కూర్చున్న పిల్లల కళ్ళు చూసినవాణ్ణి నేను. ఆ చట్టం విలువ నాకు వేరొకరు చెప్పనక్కరలేదు.

మరొక సంగతి చదివి పొంగిపోయాను. 1993లో ఆయన నెబ్రాస్కాలోని అలయన్స్ అనే ఊళ్ళో పాఠం చెబుతూ, జాతిహననాలు ఏ పరిస్థితులలో పుడతాయో పిల్లలచేత పరిశీలింపజేశాడట. తిండి కరవు, జాతివైరాలు, పాత పగలు, ఇవన్నీ పటం మీద లెక్కవేసి, రానున్న ముప్పు ఎక్కడని అడిగితే పిల్లలు రువాండా పేరు చెప్పారట. 1994లో అన్నంత పనీ అయింది. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినవాడిగా చెబుతున్నాను, ఆ ఒక్క పాఠం కోసం ఏ పంతులైనా ఉద్యోగకాలమంతా ధారపోస్తాడు.

ఇక నేను ఊరుకుంటానా? మన తొలి ఉపరాష్ట్రపతి రాధాకృష్ణన్ పండితుడు కాడా, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షుడు కాడా అన్నాను. 1928లో టెక్సాసులోని కొటుల్లాలో పేద మెక్సికను పిల్లలకు చదువు చెప్పిన జాన్సన్, 1960లో కెనడీకి జోడీ కాలేదా అన్నాను. మా బావమరిది నవ్వి, "బావగారూ, నాది ఊరి చుట్టరికం, మీది సుద్దముక్క చుట్టరికం. తేడా ఏమున్నది?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నిజం చెప్పినందుకే వచ్చిందని తరువాత తెలిసింది.

వాదం ముదిరింది. వాల్జ్ 24 సంవత్సరాలు నేషనల్ గార్డు దళంలో ఉన్నాడు, 2005 మేలో విరమించాడు. జూలైలో ఆ దళానికి ఇరాకు పిలుపు వచ్చింది. ముందే తెలిసి తప్పుకున్నాడని బావమరిది. కాంగ్రెసుకు పోటీ చేయడానికి విరమించాడని నేను. తాను యుద్ధంలో ఆయుధం మోసినట్లు 2018లో ఒక సభలో అన్నాడు, రణరంగం మాత్రం ఎన్నడూ చూడలేదు. "మాట తూలాడు, అంతే" అని సమర్థించాను. వాన్స్ 2016లో ట్రంపును నిశితంగా విమర్శించి, తరువాత ఆయన పక్షమే చేరాడని నేనంటే, మనిషి మనసు మార్చుకోకూడదా అని ఆయన. ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హైతీనుంచి వచ్చినవారు పెంపుడు జంతువులను తింటున్నారని సెప్టెంబరులో వాన్స్ ప్రచారం చేశాడు. దానికి ఆధారాలు లేవని ఆ ఊరి అధికారులే చెప్పారు. ఆ రోజు బావమరిది ఫోను చేయలేదు. నేనే చేసి దెప్పాను.

అక్టోబరు 1 రాత్రి అక్కడ ఉపాధ్యక్ష అభ్యర్థుల సంవాదం. మనకు 2వ తేదీ ఉదయం. గాంధీ జయంతి, పైగా మహాలయ అమావాస్య. స్నానానికి వేళ మించుతున్నదని మా ఆవిడ హెచ్చరిస్తూనే ఉన్నది. నేను టీవీ ముందునుంచి కదలలేదు.

అక్కడ అడిగారు వాల్జ్‌ను. 1989 జూన్‌లో చైనాలోని తియానన్మెన్ వద్ద విద్యార్థుల నెత్తురు పారిన రోజులలో తాను హాంగ్‌కాంగ్‌లో ఉన్నానని ఆయన ఏళ్ళ తరబడి చెప్పుకున్నాడు. పాత పత్రికలు వెదికితే, ఆయన చైనాకు పాఠాలు చెప్పడానికి బయలుదేరినది ఆ ఆగస్టులో అని తేలింది. దీనికేమంటారు అని ప్రశ్న. ఆయన తన ఊరి సంగతి, పిల్లలను చైనాకు తీసుకువెళ్ళిన సంగతి, అటు తిప్పి ఇటు తిప్పి చెప్పాడు. మళ్ళీ అడిగారు. పొరబాటుగా అన్నానన్నాడు.

నేను కళ్ళెత్తి టీవీ పైన గోడను చూశాను.

అక్కడ 2017లో నా పదవీవిరమణ నాడు ఇచ్చిన సన్మానపత్రం, పటం కట్టించి ఉన్నది. నా శిష్యుడొకడు, వాడూ నేడు తెలుగు పండితుడే, సీసాలతో తేటగీతులతో కూర్చాడు. అందులో మూడవ పద్యం భావం ఇది: 1975లో హైదరాబాదులో జరిగిన ప్రథమ ప్రపంచ తెలుగు మహాసభలను కన్నులారా దర్శించి, ఆ వెలుగును మా పల్లెకు మోసుకువచ్చిన గురువు ఇతడు.

ఆ సభలకు నేను వెళ్ళలేదు.

అప్పుడు నేను ప్రాచ్య కళాశాలలో భాషాప్రవీణ చదువుతున్నాను. వయసు పద్ధెనిమిది. మా గురువుగారు వెళుతూ నన్నూ రమ్మన్నారు. అక్కయ్య పెళ్ళి అప్పు తీరక మా నాన్నగారు రైలు ఖర్చుకు లేదన్నారు. గురువుగారు తిరిగివచ్చి మూడు సాయంత్రాలు తమ ఇంటి అరుగుమీద కూర్చుని అంతా చెప్పారు. నేను నోటుపుస్తకంలో వ్రాసుకున్నాను. ఉద్యోగంలో చేరిన తొలి ఏడు ఆ ముచ్చట తరగతిలో చెబుతుంటే ఒక కుర్రవాడు, "మీరు వెళ్ళలేదా మాస్టారూ?" అని అడిగాడు. నలభై జతల కళ్ళు నావైపు. "వెళ్ళకేం!" అన్నాను.

అంతే. ఆ తరువాత అది నా అనుమతితో పనిలేకుండా పెరిగింది. ఏ వరుసలో కూర్చున్నదీ, ప్రక్కన ఎవరున్నదీ కూడా వచ్చి చేరింది. సన్మానసభలో ఆ పద్యం చదువుతుంటే చప్పట్లు మ్రోగాయి. తల వంచుకుని కూర్చున్నాను. వినయమనుకున్నారు.

ధర్మరాజు రథం నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచేదని, ద్రోణుని ఎదుట ఆడిన ఒక్క మాటతో అది నేలకు దిగిందని ఏటేటా పాఠం చెప్పాను. నా రథం ఎక్కడ నడుస్తున్నదో ఒక్కనాడూ చూసుకోలేదు.

ఇంతకూ వాల్జ్ ఆ పదవికి తగినవాడా? నా తీర్పు అడగకపోయినా చెబుతాను. ఇరువురి అబద్ధాలూ ఒకే తూకం కావు. పరాయిదేశం నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవారి మీద వేసిన నింద, వారి గుమ్మంలోకి భయాన్ని తెచ్చింది. హాంగ్‌కాంగ్ మాట చెప్పినవాని గొప్పను తప్ప మరి దేనినీ పెంచలేదు. ఈ భేదాన్ని నేటికీ నిలబడి వాదిస్తాను. అయితే దానిని అడ్డం పెట్టుకుని ఆయన్ను విడిచిపెట్టలేను. రెండవ కుర్చీలోని వాడికి సైన్యం లేదు, ఖజానా లేదు, ఉన్నది మాట ఒక్కటే. ఏదో ఒక అర్ధరాత్రి అతణ్ణి లేపి దేశాన్ని చేతిలో పెట్టినప్పుడు, అతడు చెప్పింది జనం నమ్మాలి. వెళ్ళని చోటికి వెళ్ళానన్నవాడు ఆ నమ్మకంలోంచి కొంత ముందే ఖర్చు చేసుకున్నాడు. అడిగిన మొదటిసారే లేదు, నేను అక్కడ లేను అని ఉంటే, నా దృష్టిలో ఆ మనిషి యోగ్యత రెట్టింపయ్యేది. నవంబరులో వారు 226 ఓట్లతో ఓడారు, వాన్స్ పక్షం 312తో గెలిచింది. బావమరిది మిఠాయి పంపాడు. తిన్నాను.

ఆ మహాలయ అమావాస్యనాడు తర్పణాలలో పితృదేవతలతో పాటు గురువుగారి పేరు కూడా తలుచుకున్నాను. చేయి వణికింది. సాయంత్రం ఆ శిష్యుడికి ఫోను చేసి ఉన్నది చెప్పాను.

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మాస్టారూ, ఆ ముచ్చట విన్నాకే నేను తెలుగు చదవాలనుకున్నాను" అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఆగలేదు. "మా మాస్టారు వెళ్ళారని నేను మా పిల్లలకు ఏటా చెబుతున్నాను. ఇప్పుడేం చెప్పమంటారు?"

అబద్ధం నాతో పోతుందనుకున్నాను. అది అప్పటికే మరో తరగతిగదిలో నల్లబల్ల ముందు నిలబడి ఉన్నది.

"మా మాస్టారి గురువుగారు వెళ్ళారని చెప్పు నాయనా. మా మాస్టారు వెళ్ళలేదని కూడా చెప్పు" అన్నాను. "రెండోది చెప్పాలా మాస్టారూ?" అన్నాడు. చెప్పమన్నాను. చెప్పాడో లేదో అడగలేదు.

గోడమీద పటం తీసి బీరువాలో పెట్టాను. అది ఉన్నచోట సున్నం తెల్లగా నలుచదరంగా కనిపిస్తున్నది. మా ఆవిడ క్యాలెండరు తగిలిస్తానన్నది. కొన్నాళ్ళు అట్లాగే ఉండనీయమన్నాను.

ఆనాటి నోటుపుస్తకం నా దగ్గర భద్రంగా ఉన్నది. అరుగుమీది ఆ మూడు సాయంత్రాల ముచ్చట్లను వచ్చే టపా నుంచి, గురువుగారు చూసినవిగా, నేను విన్నవిగా వ్రాస్తాను.

సెలవు.